షిప్ జాబ్‌కి "వర్క్ వీసా" అని 1,800 డాలర్లు కట్టిన ఈటీఓ కేసు

నా దగ్గరకి వచ్చేసరికే అతను 1,800 డాలర్లు కట్టేసి ఉన్నాడు. దేనికి కట్టావయ్యా అంటే "యూరప్ షిప్ వర్క్ వీసాకి అన్నా" అన్నాడు. మనిషి కొత్తవాడేం కాదు, ఈటీఓ, అంటే ఓడలో కరెంటు, ఆటోమేషన్ పనంతా చూసుకునే ఆఫీసర్, కంటైనర్ షిప్పుల మీద రెండు కాంట్రాక్టులు, ఆఫ్‌షోర్ షిప్ మీద ఒకటి చేసొచ్చాడు, సీమన్ బుక్, అంటే ఓడ ఉద్యోగులకి ఇచ్చే గుర్తింపు పుస్తకం, ఉంది, అమెరికా సీ1/డీ వీసా, అంటే ఓడ క్రూకి ఇచ్చే వీసా, ఉంది. అన్నీ తెలిసినవాడే ఇలా బోల్తా పడ్డాడు కాబట్టి ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నా. మనుషుల పేర్లు, షిప్ పేరు తీసేశాను, తేదీలు మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే ఈ కేసంతా తేదీల మీదే నడిచింది.

నా పని సీమెన్ పేపర్లు చూడటం. అంతకుముందు క్రూయింగ్ ఆఫీసులో, అంటే ఓడలకి మనుషుల్ని పంపే ఆఫీసులో, ట్రావెల్ డెస్క్ మీద కూర్చునేవాణ్ణి, ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నా.

ఆఫర్ ఏంటంటే సబ్‌సీ కన్‌స్ట్రక్షన్ వెసెల్ ఒకటి, సముద్రం అడుగున పైపులు, కేబుళ్లు వేసే ఓడ, రోటర్‌డామ్‌లో ఉంది, మార్చి 4న జాయినింగ్, అక్కడ కొన్ని రోజులు పని చూసుకుని అమెరికా వైపు గల్ఫ్‌కి, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి వెళ్తుంది, అక్కడ ఆయిల్ ఫీల్డ్ పని. కంపెనీ నిజమైనదే, కాంట్రాక్టు నిజమైనదే. మధ్యలో ఉన్న సబ్ ఏజెంట్ దగ్గరే వచ్చింది తేడా అంతా, అతను ఒక పీడీఎఫ్ పంపాడు, "ఓడల మీద వర్క్ వీసా ఆప్షన్లు" అని, దేశానికో వీసా, వీసాకో రేటు. ఆ పీడీఎఫ్ నా దగ్గర ఇంకా ఉంది, తీసి చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మొదటి లైనే "పనామా వర్క్ వీసా, 400 డాలర్లు". ఓడ పనామా జెండాది, అంటే అక్కడ రిజిస్టర్ అయినది, నిజమే, కానీ పనామాకి ఎవడు వెళ్తున్నాడు? జెండా ఏ దేశానిదైతే ఆ దేశం వీసా అక్కర్లేదు, ఆఫీసర్లకి కావాల్సింది ఆ జెండా దేశం ఇచ్చే ఎండోర్స్‌మెంట్, అంటే నీ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్సీని మేం గుర్తిస్తున్నాం అని ఒక కాగితం. ఎస్‌టీసీడబ్ల్యూ, అంటే సీమెన్ ట్రైనింగ్, సర్టిఫికెట్ల మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, దాని రూల్ ప్రకారం అది చేతికి వచ్చేలోపు అప్లై చేసినట్టు ప్రూఫ్ ఉంటే మూడు నెలల దాకా ఓడ మీద పని చెయ్యొచ్చు కూడా. దాన్ని వీడు వీసా చేసి అమ్మాడు. లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ అని ఇంకో రెండు లైన్లు కూడా ఉన్నాయి అందులో, అదే బాపతు.

రెండోది "ఆస్ట్రేలియా మారిటైమ్ వర్క్ వీసా, 650 డాలర్లు". ఆస్ట్రేలియాకి మారిటైమ్ క్రూ వీసా ఉంది, సబ్‌క్లాస్ 988, దానికి ఫీజే లేదు, ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యడమే, మూడేళ్ల దాకా వ్యాలిడ్. కానీ అది సముద్రం మీద ఓడలో వచ్చేవాళ్లకి, దాన్ని పట్టుకుని విమానం ఎక్కి ఆస్ట్రేలియాలో దిగి ఓడ ఎక్కుతా అంటే కుదరదు, అలా ఫ్లై చేసి జాయిన్ అయ్యేవాళ్లకి ట్రాన్సిట్ వీసా లాంటిది వేరేగా కావాలి. ఒక్క దేశంలోనే ఓడకి ఒకటి, విమానానికి ఒకటి, అదీ సంగతి.

మూడోది "అమెరికా షిప్ వర్క్ వీసా". అలాంటి పేరుతో వీసా లేదు. ఉన్నది సీ1/డీ, ఇందులో సీ1 అంటే విమానంలో వచ్చి ఓడ దగ్గరకి వెళ్లే దారికి, డీ అంటే ఓడలో క్రూగా వచ్చి పోర్టులో దిగడానికి. ఎంబసీ ఫీజు 185 డాలర్లు. ఓడలో వచ్చి దిగినవాడికి ఇచ్చే పర్మిషన్ మ్యాగ్జిమం 29 రోజులు, పొడిగింపు లేదు, లోపలికి వెళ్లాక వేరే స్టేటస్‌కి మార్చుకునే ఛాన్స్ కూడా లేదు. అమెరికా జెండా ఓడల్లో, అదే జోన్స్ యాక్ట్ కింద కోస్ట్ వెంబడి తిరిగే ఓడల్లో జాబ్ కావాలంటే ఈ వీసాతో అసలు పని జరగదు, అక్కడ ఆఫీసర్లు సిటిజన్లే అయ్యుండాలి, మిగతా క్రూలో కూడా నాలుగింట మూడొంతులు సిటిజన్లు, మిగిలిన కొద్దిమంది గ్రీన్ కార్డు వాళ్లు. హవాయి దీవుల మధ్య తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా క్రూయిజ్ షిప్ చూడండి, మిగతా పెద్ద క్రూయిజ్ షిప్పుల్లో ప్రపంచం మొత్తం కనిపిస్తుంది, దీనిలో మాత్రం ఎక్కువ మంది అమెరికన్లే, కారణం ఆ జెండా.

నాలుగోది "యూకే ఆఫ్‌షోర్ విండ్ ఓపెన్ వీసా". ఇది ఒకప్పటి మాట, విండ్ ఫార్మ్ పనికి వచ్చే ఓడల క్రూకి ఒక కన్సెషన్, అంటే వీసా రూల్స్ నుంచి మినహాయింపు, ఉండేది, అది 2023 ఏప్రిల్ 30తో అయిపోయింది, ఇప్పుడు 12 నాటికల్ మైళ్ల లోపల పని అంటే యూకేలో పని చేసినట్టే లెక్క, దానికి మామూలు వర్క్ వీసా దారే.

ఐదోదే మావాడు కొన్నది, "షెంజెన్ షిప్ వర్క్ వీసా, 1,800 డాలర్లు, గ్యారంటీ". షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, నెదర్లాండ్స్, బెల్జియం అందులోవే.

ఇక్కడ ఆగి ఒక మాట. నేల మీద జాబ్‌కి వెళ్లేవాళ్లకి ఆ దేశం వర్క్ పర్మిట్ ఇస్తుంది, ఎందుకంటే పని ఆ దేశంలో. ఇంటర్నేషనల్ ఓడలో పని ఆ దేశంలో జరగదు, కాబట్టి ఆ దేశం ఇచ్చేది ఎయిర్‌పోర్ట్ నుంచి గ్యాంగ్‌వే, అంటే ఓడ ఎక్కే మెట్ల దాకా నడిచే పర్మిషన్ మాత్రమే. ఓడ ఒకే దేశం నీళ్లలో ఉండిపోయి అక్కడే పని చేస్తే అప్పుడు కథ మారుతుంది, అప్పుడు నిజంగానే వర్క్ పర్మిట్ ప్రశ్న వస్తుంది. అందుకే నేను ఎవరొచ్చినా ఏ దేశం వీసా కావాలి అని అడగను, ఓడ ఎక్కడుంది, ఎన్నాళ్లుంటుంది, అక్కడ ఏం చేస్తుంది, ఈ మూడే అడుగుతా. మావాణ్ణి అడిగితే మూడింటికీ "ఏజెంట్‌కి తెలుసు అన్నా" అన్నాడు.

సరే పాస్‌పోర్ట్ తియ్యి అన్నా. తీస్తే పేజీల మధ్యలో షెంజెన్ వీసా కనపడింది, టైప్ సీ, మల్టిపుల్ ఎంట్రీ, జూన్ దాకా వ్యాలిడ్, స్టే 90 రోజులు. పోయిన కాంట్రాక్టుకి పాత కంపెనీ చేయించింది. అంటే 1,800 కట్టి కొనుక్కుంటున్న వీసా అతని జేబులోనే ఉంది. కొత్తది తీసుకున్నా ఫీజు 90 యూరోలు, సీమెన్ అయితే ప్రయాణానికి తొమ్మిది నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, మామూలు వాళ్లకి ఆరు నెలలే. ఇది చెప్పగానే అతను నవ్వాలో ఏడవాలో తెలీక పాస్‌పోర్ట్‌నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తేరుకుని "అయితే వీసా ఉన్నట్టేగా, వెళ్లిపోవచ్చుగా" అన్నాడు. నేనూ ఒక నిమిషం అలాగే అనుకున్నా.

పాత అలవాటు కొద్దీ స్టాంపులు చూశా. షెంజెన్ స్టాంపు తెలిసినవాళ్లకి తెలుసు, లోపలికి అయితే బాణం గుర్తు లోపలికి, బయటికి అయితే బయటికి, మూలన చిన్న బొమ్మ ఉంటుంది, విమానమో ఓడో. అతనిది అక్టోబర్ 20న విమానం బొమ్మతో ఎంట్రీ, డిసెంబర్ 6న ఓడ బొమ్మతో ఎగ్జిట్. ఏంటి ఇంత గ్యాప్ అంటే, పోయినసారి ఓడ యార్డులో, అంటే ఓడలు బాగుచేసే చోట, రిపేర్‌లో ఉన్నప్పుడు ఎక్కాడట, అది కదిలిన రోజే ఎగ్జిట్ కొట్టారు. ఆ తర్వాత జనవరి 17న యాంట్‌వర్ప్‌లో దిగాడు, హోటల్లో రెండు రాత్రులు, 19న విమానం. ఎంట్రీ ఓడ బొమ్మ, ఎగ్జిట్ విమానం బొమ్మ, ఇంకు కొంచెం అలికింది కానీ తేదీ చదవొచ్చు.

షెంజెన్ రూల్ ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులు మించకూడదు. వీసా మీద 90 అని రాసున్నంత మాత్రాన చేతిలో 90 మిగిలున్నట్టు కాదు, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. లెక్క వేశాం. అక్టోబర్‌లో 12, నవంబర్ 30, డిసెంబర్‌లో 6, మొత్తం 48. జనవరిలో 19లోంచి 17 తీసేసి 2 అని రాసుకున్నా, 50 అని కూడా అనేశా, కాసేపటికి వెలిగింది, దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కే కదా, అది 3. నాలాంటోడు కూడా వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. మొత్తం 51. మార్చి 4 నుంచి వెనక్కి 180 రోజులు వెళ్తే సెప్టెంబర్ 6, అంటే ఈ 51 మొత్తం లోపలే ఉన్నాయి. మిగిలింది 39. మార్చి 4న దిగితే ఏప్రిల్ 11 ఆఖరి రోజు.

"రెండ్రోజుల్లో ఓడ కదులుతుందట కదా అన్నా, 39 ఎందుకు" అన్నాడు. జాయినింగ్ లెటర్లో అలాగే ఉంది మరి. నేను ఏఐఎస్ ట్రాకింగ్ సైట్, అంటే ఏ ఓడ ఎక్కడుందో చూపించే సైట్ తెరిచి ఓడ పేరు కొట్టా. మూడు వారాల నుంచి ఒకే చోట ఉంది, స్టేటస్ మూర్డ్, అంటే కట్టేసి ఉంది, స్పీడ్ సున్నా. మ్యాప్ పెద్దది చేస్తే అది మామూలు కార్గో టెర్మినల్ కాదు, యార్డు బెర్తు. రెండ్రోజుల్లో కదిలే ఓడ అలా ఉండదు. కంపెనీ క్రూ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశా, ఆవిడ మంచిదే, నిజమే చెప్పింది, "సార్, డెక్ మీద కొత్త ఎక్విప్‌మెంట్ ఎక్కిస్తున్నారు, మే 5 అనుకుంటున్నాం, లెటర్ ఫార్మాట్ పాతది, అందరికీ అదే వెళ్తుంది" అని.

అంటే మార్చి 4 నుంచి మే 5 దాకా. మావాడికి ఏప్రిల్ 11కే కోటా అయిపోతుంది.

ఇక్కడ సీమెన్‌లో ఒక పాత నమ్మకం ఉంది, ఓడ ఎక్కేశాక ఎగ్జిట్ స్టాంప్ కొడతారు, ఇక మనం యూరప్‌లో లేనట్టే అని. నెదర్లాండ్స్‌లో ఒకప్పుడు అలాగే జరిగేది, ఎక్కే రోజే కొట్టేసేవారు. తర్వాత రోటర్‌డామ్‌లో నెలల తరబడి కట్టి ఉండే ఓడల విషయంలో అక్కడి పోలీసులు అలా కొట్టం అన్నారు, సీమెన్ కోర్టుకి వెళ్లారు, అది యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ దాకా వెళ్లింది, 2020 ఫిబ్రవరి 5న తీర్పు వచ్చింది, ఓడ చాలాకాలం కట్టి ఉంటే ఎక్కిన రోజు కాదు, కెప్టెన్ ఇక బయల్దేరుతున్నాం అని చెప్పినప్పుడే ఎగ్జిట్ స్టాంప్ అని. అప్పటిదాకా నువ్వు ఓడ లోపల పడుకున్నా, ఒక్కసారి కూడా కిందికి దిగకపోయినా, షెంజెన్‌లో ఉన్నట్టే. మావాడి పాత డిసెంబర్ 6 స్టాంప్ కూడా ఇలా పడిందే, అతను ఎప్పుడూ దాని వైపు చూడలేదంతే.

ఇంకో గందరగోళం కూడా తీరుద్దాం, "సీమన్ బుక్ ఉంటే యూరప్‌కి వీసా అక్కర్లేదు" అని అంటుంటారు. అది ఓడలో వచ్చి, ఓడ పోర్టులో ఉన్నంతసేపు షోర్ లీవ్‌కి దిగేవాళ్ల గురించి, ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, దాని 108 లేదా 185 కన్వెన్షన్ కింద ఇచ్చిన సీఫేరర్ ఐడీ ఉంటే పోర్టు ఉన్న మునిసిపాలిటీలో, దాన్ని ఆనుకున్న మునిసిపాలిటీల్లో తిరిగి రావొచ్చు. విమానంలో వెళ్లి ఎక్కేవాడికి దాంతో సంబంధం లేదు. అమెరికా అయితే ఆ రెండు కన్వెన్షన్లలోనూ లేదు, అక్కడ షోర్ లీవ్‌కి కూడా డీ వీసా కావాల్సిందే, లేకపోతే పోర్టులో ఉన్నన్ని రోజులూ రైలింగ్ పట్టుకుని ఊరిని చూస్తూ కూర్చోవడమే.

మా ముందు మూడు దారులు. డచ్ వర్క్ పర్మిట్, రెసిడెన్స్ లాంటిది చేయించడం, కంపెనీ రెండు నెలల పనికి దాని జోలికి పోదు. రెండోది ఎలాగోలా వెళ్లి ఓవర్‌స్టే అయితే చూద్దాం అనుకోవడం, కోఆర్డినేటర్ పై అధికారి ఒకాయన ఫోన్‌లో దాదాపు అలాగే మాట్లాడాడు, "ఓడలో ఉన్నవాణ్ణి ఎవడు లెక్కపెడతాడండీ" అని. ఫైన్ పడేది, ఎంట్రీ బ్యాన్ పడేది, రేపు ప్రతి వీసా ఫారంలో ఆ కాలమ్ నింపాల్సింది ఈయన కాదుగా. పైగా ఇది స్టాంపుల కాలం నాటి కేసు, 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో ఈఈఎస్, అంటే ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్, మొదలైంది, వేలిముద్ర, ఫోటోతో కంప్యూటరే రోజులు లెక్కపెడుతుంది, ఇంకు అలికిపోయింది అనే మాటే ఉండదు.

మూడోది జాయినింగ్ వెనక్కి జరపడం, దాన్నే పట్టుకున్నాం. ఈ లెక్కలో నాకు నచ్చే సంగతి ఇదే, 180 రోజుల కిటికీ రోజూ ఒక్కో అడుగు ముందుకి జరుగుతుంది. ఏప్రిల్ 10న దిగితే అప్పటికి 51 ఉంది, 17వ తారీఖుకి 59 అవుతుంది, 18 నుంచి అక్టోబర్ రోజులు ఒక్కోటి వెనక రాలిపోవడం మొదలవుతుంది, ముందు ఒకటి కలుస్తుంటే వెనక ఒకటి పోతుంది, 59 దగ్గరే నిలబడిపోతుంది. మే 5 కాదు, ఓడ ఇంకో పది రోజులు లేటైనా భయం లేదు. ఇది ఒక కాగితం మీద గళ్లు గీసి, తేదీలు రాసి, ఫోటో తీసి కోఆర్డినేటర్‌కి పంపా. అయిదు వారాల గ్యాప్‌కి అసలు యూరప్ రోజులు వాడని ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పంపించారు. మావాడు మాత్రం అయిదు వారాల జీతం పోయిందని గొణిగాడు, న్యాయమే.

కానీ ఆ అయిదు వారాలే తర్వాత ఆదుకున్నాయి. అమెరికా లెగ్ గురించి అందరూ "సీ1/డీ ఉందిగా" అని వదిలేశారు. ఓడ అమెరికా పోర్టుకి సరుకు దింపడానికి వెళ్తే అది చాలు. ఈ ఓడ వెళ్లేది గల్ఫ్‌లో ఔటర్ కాంటినెంటల్ షెల్ఫ్ (ఓసీఎస్), అంటే తీరానికి అవతల అమెరికా అధికారం ఉన్న సముద్రపు అడుగు భాగం, దాని మీద నెలల తరబడి పని చెయ్యడానికి, దానికి ఓసీఎస్ అని ప్రత్యేకంగా రాసిన బీ1 వీసా, అంటే బిజినెస్ విజిటర్ వీసా, అడుగుతారు. రూల్ ప్రకారం ఆ షెల్ఫ్ మీద పని అమెరికన్లకే, విదేశీ యాజమాన్యం సగానికి మించి ఉన్న ఓడలకి కోస్ట్ గార్డ్ నుంచి మినహాయింపు లెటర్ వస్తుంది, ఆ లెటర్ కాపీ, ఓడ ఎక్కడ ఏం పని చేస్తుందో రాసిన కంపెనీ లెటర్, కాంట్రాక్టు, ఇవి పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లాలి. ప్రైవేట్ యాట్ క్రూ కూడా అంతే, 29 రోజులు దాటి అమెరికా నీళ్లలో తిరిగేదైతే సీ1/డీ కాదు, బీ1 బాపతు. ఒకే మనిషి, ఒకే దేశం, ఓడ చేసే పనిని బట్టి వీసా మారిపోతుంది.

కంపెనీ దగ్గర కోస్ట్ గార్డ్ లెటర్ ఉంది కానీ ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ పంపలేదు. మూడు మెయిళ్లు పెడితే వచ్చింది. తీరా చూస్తే కంపెనీ లెటర్లో ఓడ పేరు స్పెల్లింగ్ కోస్ట్ గార్డ్ లెటర్లో ఉన్నట్టు లేదు, ఒక అక్షరం తేడా, తిప్పి పంపి మళ్లీ తెప్పించా. ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడిగింది నాలుగు ప్రశ్నలే అట, ఓడ పేరేంటి, ఏం పని, ఎక్కడ, సీ1/డీ ఉండగా మళ్లీ ఎందుకొచ్చావు. ఆఖరిదానికి "పోర్టుకి అది, షెల్ఫ్ మీద పనికి ఇది" అన్నాడట, ఆయన తల ఊపి లెటర్లు చూశాడట. మార్చి ఆఖరికల్లా స్టిక్కర్ మీద ఓసీఎస్ అని రాసి పాస్‌పోర్ట్ వచ్చేసింది. ఓడ మే 7న కదిలింది, మూడు వారాల ప్రయాణం, ఆగస్టులో కాంట్రాక్టు అయ్యాక హ్యూస్టన్ నుంచి ఫ్లైట్ ఎక్కాడు, ఎక్కడా ఎవరూ ఆపలేదు. గ్యాప్ కవర్ చేసిన ఎలక్ట్రీషియన్ మే మొదట్లోనే రోటర్‌డామ్ నుంచి వెనక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది, అతనికి సీ1/డీ ఒక్కటే ఉంది.

ఇక డబ్బుల సంగతి. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006, అది 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది, అందులో స్టాండర్డ్ ఏ1.4 చాలా స్పష్టంగా చెప్తుంది, ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర రూపాయి తీసుకోకూడదు, మెడికల్ సర్టిఫికెట్, సీమన్ బుక్, పాస్‌పోర్ట్ ఖర్చు మాత్రం అతను పెట్టుకోవచ్చు, వీసా ఖర్చు ఓడ ఓనర్‌దే. వీసా అనే మాట పేరు పెట్టి మరీ రాసుంది. అంటే 185 అయినా 90 అయినా ఓనర్ కట్టాలి, 1,800 అనే అంకెకి చోటే లేదు. ఈ క్లాజ్ నంబర్ వేసి, ఏజెంట్ ఇచ్చిన రసీదు ఫోటో జతచేసి నేరుగా ఓడ కంపెనీకి మెయిల్ పెట్టించా, ఏజెంట్‌తో గొడవపడి లాభం లేదు, పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్షన్‌లో, అంటే ఓడ ఆగిన దేశం అధికారులు చేసే తనిఖీలో, ఈ మాట వస్తే ఇబ్బంది ఓనర్‌కే, వాళ్లే ఒత్తిడి పెడతారు. పెట్టారు కూడా. రెండు విడతల్లో 1,100 వెనక్కి వచ్చింది. బీ1 ఫీజు కంపెనీయే కట్టింది.

మిగతా 700కి ఏజెంట్ కొత్త రసీదు ఇచ్చాడు, "ఇంటర్వ్యూ కోచింగ్ ఫీజు" అని, పాత తేదీ వేసి. పాత రసీదు నీలం ఇంకు, సీరియల్ నంబర్ 212. అదే తేదీ వేసిన ఈ కొత్తది నలుపు ఇంకు, సీరియల్ నంబర్ 340. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి మళ్లీ మెయిల్ చేశాం, దానికి జవాబు ఇంకా రాలేదు.